తాయారుగారి వరండా ప్రాథమిక పాఠశాల

మునగలంక ప్రాథమిక పాఠశాలలో లిఖిత గుడ్డు తినడం మానేసిన సంగతి మూడు నెలలపాటు ఎవరికీ పట్టలేదు. తన గుడ్డు పక్కనున్న రేష్మకి ఇచ్చేసేది. రేష్మ రెండూ తినేసేది. ఇద్దరూ చేతులు కడుక్కుని తొక్కుడుబిళ్ల ఆడుకునేవారు. ప్రభుత్వానికి గానీ కోడికి గానీ ఇందులో అభ్యంతరం ఉన్నట్టు కనిపించలేదు.

ఆ తర్వాత యాప్ వచ్చింది.

దాని పేరు భోజనదర్శిని. మధ్యాహ్నం పిల్లల్ని వరసగా కూచోబెట్టి, తలో గుడ్డూ చేతికిచ్చి, హెడ్మాస్టరు ఫోటో తీసి ఎక్కించాలి. అది ముఖాలు లెక్కపెడుతుంది, గుడ్లు లెక్కపెడుతుంది. ముఖానికో గుడ్డు ఉంటే పచ్చ. లేకపోతే ఎరుపు. మూడు ఎరుపులు పడితే హెడ్మాస్టరు మండల విద్యాధికారి ఎదట నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. మొదటిరోజు లిఖిత చేతిలో ఏమీ లేదు, రేష్మ చేతుల్లో రెండున్నాయి. యాప్ ఎర్రబడి, "దుర్వినియోగం జరిగినట్టు అనుమానం" అంది.

హెడ్మాస్టరు విశ్వనాథంగారు ఆ సాయంత్రమే లిఖిత వాళ్లింటికి వచ్చారు. లిఖిత తల్లి తాయారు వరండాలో కుట్టుమిషను ముందు కూచుని ఉంది. ఊళ్లో సగం జాకెట్లు ఆవిడ కుట్టినవే. పెళ్లయ్యాక పట్టుబట్టి దూరవిద్యలో డిగ్రీ కూడా కట్టి పాసైంది.

"తాయారుగారూ, నాకింకా రెండేళ్ల సర్వీసుంది," అన్నారు మేస్టారు, కుర్చీలో కూచోకుండానే. "అమ్మాయి తినక్కర్లేదమ్మా. పట్టుకుంటే చాలు. అరనిమిషం."

తాయారు కూతురి వైపు చూసింది. మూడో తరగతి పిల్ల, గుమ్మాన్ని ఆనుకుని నిలబడి వింటోంది.

"పట్టుకుంటే నేను తిన్నట్టు వెళ్తుంది కదండీ మేస్టారూ?" అంది.

"వెళ్తుంది."

"నేను తినను కదండీ మరి."

"అవుననుకో..."

"నిన్న మీరే 'సత్యమునే పలుకవలెను' అని కాపీ రాయించారు. పదిసార్లు."

మేస్టారు తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. "కాపీ వేరు తల్లీ, యాప్ వేరు," అన్నారు.

ఈ పట్టింపు ఆ పిల్లకి ఎవరూ నేర్పింది కాదు. తండ్రి త్రిమూర్తులు పశువుల ఆసుపత్రిలో అటెండరు. డాక్టరుగారు రాని రోజుల్లో, అంటే వారంలో నాలుగు రోజులు, ఆయనే డాక్టరు. ఎండాకాలం సెలవుల్లో ఒకసారి కూతుర్ని బండి మీద ఎక్కించుకుని పక్క ఊళ్లో ఒక గేదెల పాకకి వెళ్లాడు. అక్కడొక గేదెకి దూడ చచ్చిపోయింది. చేపు రావాలని, అంటే తల్లి పాలు వదలాలని, ఆసామి ఆ దూడ తోలులో గడ్డి కుక్కి, నాలుగు కర్రలు గుచ్చి, తల్లి ముందు నిలబెట్టాడు. గేదె దాన్ని నాకుతోంది, వెనకాల పాలు పిండుతున్నారు.

"నాన్నా, ఆ దూడ కదలదేం?" అని అడిగింది లిఖిత.

త్రిమూర్తులు పద్దెనిమిదేళ్లుగా అలాంటి దూడల్ని చూస్తూనే ఉన్నాడు. ఎవరూ ఆయన్ని ఆ ప్రశ్న అడగలేదు. ఆ సాయంత్రం లిఖిత పాలగ్లాసు ముట్టుకోలేదు. తర్వాత పెరుగు, నెయ్యి, చేప, గుడ్డు ఒక్కొక్కటే వదిలేసింది. వారం తిరక్కుండా తండ్రీ వదిలేశాడు. తాయారు మాత్రం కాఫీ కోసం పదిరోజులు పోరాడింది. చివరికి, పిల్ల ఒక్కతే మానేస్తే పిచ్చంటారు, ముగ్గురం మానేస్తే ఆచారం అంటారు అని తేల్చుకుని కొబ్బరిపాల కాఫీకి దిగింది. ముఖం వంకర పెట్టుకునే తాగేది గానీ, తాగేది.

మేస్టారు చెడ్డవారు కారు. తన వంతు ప్రయత్నం తానూ చేశారు. మర్నాడు ఉడికించిన బంగాళాదుంపని తొక్క తీసి నున్నగా చెక్కించి లిఖిత చేతికిచ్చారు. పిల్ల సంతోషంగా పట్టుకుని, ఫోటో అవగానే ఉప్పద్దుకుని తినేసింది. యాప్ కాసేపు ఆలోచించి, "బాతుగుడ్డు" అంది. బాతుగుడ్ల పంపిణీకి అనుమతి ఎవరిచ్చారో తెలపమని సాయంత్రానికి మెమో వచ్చింది.

ఇంకోరోజు ఫోటో వేళకి పిల్లని తరగతి గదిలో కూచోబెట్టారు. బడికొచ్చిన పిల్ల భోజనానికి రాలేదేమని మళ్లీ ఎరుపు. ఇక మిగిలింది ఒకటే దారి. గుడ్డు పెట్టే రోజులు వారంలో అయిదు. ఆ అయిదు రోజులూ లిఖిత బడికి రాలేదని రాయడం. గుడ్డు లేని శనివారం మాత్రం వచ్చిందని రాయడం.

"పిల్ల రోజూ వస్తుంది, చదువుకుంటుంది," అన్నారు మేస్టారు. "రాలేదని రాసుకుంటాం, అంతే. ఎవరికీ నొప్పి లేదు కదమ్మా."

తాయారుకి నచ్చలేదు. కానీ పిల్ల రేష్మ పక్కన కూచుంటుంది కదా అని ఒప్పుకుంది.

నెలన్నర గడిచింది. ఒకనాడు మూడు గంటల వేళ వీధిలో డప్పులు మోగాయి. తాయారు మెడలో టేపుతోనే బయటికొచ్చింది. ముందు డప్పులవాళ్లు, వెనక మండల విద్యాధికారి ముక్తేశ్వరరావుగారు, ఆయన వెనక విశ్వనాథం మేస్టారు, ఆ వెనక బడిపిల్లలు. "బడి ఈడు పిల్లలు బడిలోనే ఉండాలి" అని అరుస్తూ వచ్చి, సరిగ్గా వాళ్లింటి ముందే ఆగారు. మేస్టారు ఎవరి ముఖమూ చూడకుండా విద్యుత్ స్తంభం పైకి చూస్తున్నారు.

ముక్తేశ్వరరావుగారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఇంట్లో భార్యతో మామూలుగానే మాట్లాడతారని చెప్పుకుంటారు గానీ, గడప దాటితే ఉత్తర్వులాగే మాట్లాడతారు.

"ఈ గృహమునందు లిఖిత అను బాలిక చదువునకు దూరమై ఉన్నట్లు మాకు సమాచారము కలదు."

"ఇంట్లో లేదండి," అంది తాయారు. "మీ వెనకాలే ఉంది. అట్ట పట్టుకుని."

ఆయన వెనక్కి తిరిగారు. రెండో వరసలో 'బడి మానొద్దు' అని రాసిన అట్టని రెండు చేతులా ఎత్తి పట్టుకుని లిఖిత నిలబడి ఉంది. "నమస్తే సార్," అంది.

ఆయన మళ్లీ ఇటు తిరిగారు. "బాలిక ఊరేగింపునకు హాజరైనది. ఊరేగింపునకు హాజరగుట, బడికి హాజరగుట కాజాలదు. రికార్డు ప్రకారము బాలిక బడి బయట ఉన్నది."

"బయటే ఉందండి. ఊరేగింపుకని మీరే తీసుకొచ్చారు."

డప్పుల్లో ఒకాయన ఆపుకోలేక నవ్వాడు. మర్నాడు తలిదండ్రులిద్దరూ ఆఫీసుకి రావాలని ముక్తేశ్వరరావుగారు అక్కడికక్కడే కాగితం రాసిచ్చారు.

ఆఫీసులో త్రిమూర్తులు జరిగిందంతా చెప్పాడు, దూడ సంగతితో సహా. ముక్తేశ్వరరావుగారు కళ్లు మూసుకుని విన్నారు.

"మాంసాహారికి గుడ్డు. శాకాహారికి గ్లాసుడు పాలు. ఫారమునందు రెండే గళ్లు కలవు. మీ బాలిక ఏ గడియందు పడును?"

"రెండింట్లోనూ పడదండి."

కంప్యూటరు ముందున్న అమ్మాయి తల తిప్పి, "వాళ్లని వీగన్లంటారు సార్," అంది.

"వీగనా? అది ఓసీయా, బీసీయా?"

"కులం కాదు సార్. తిండి."

"కులముతో సంబంధము లేని తిండి ఉండునా?" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. తర్వాత జాలిగా ఒక సలహా ఇచ్చారు. పాలూ గుడ్డూ పడవని డాక్టరు రాసిస్తే రోగుల కింద మినహాయించవచ్చు.

ఆరోగ్యకేంద్రంలో డాక్టరమ్మ పిల్లని తూచి, రక్తం చూసి, బాగానే ఉందంది. బి-పన్నెండు మాత్ర మాత్రం మానొద్దని మరీ మరీ చెప్పి, 'ఆరోగ్యవంతురాలు' అని రాసిచ్చింది. ఆ కాగితం చూసి ముక్తేశ్వరరావుగారు నిట్టూర్చారు.

"ఆరోగ్యము మినహాయింపునకు కారణము కాజాలదు. ఇక మార్గములు రెండు. బాలిక గుడ్డు పట్టుకొనుట. లేదా గృహమునందే విద్యనభ్యసించుట."

ఇంటికొచ్చాక త్రిమూర్తులు, "టౌన్లో ప్రైవేటు బడిలో వేద్దామా? వాళ్లు భోజనమే పెట్టరట," అన్నాడు.

"పొద్దున్న ఆరింటికి వ్యాను ఎక్కితే రాత్రి ఏడింటికి దిగుతుంది. ఎనిమిదేళ్ల పిల్లండీ అది."

"పోనీ, నువ్వు చెప్పలేవా? డిగ్రీ చదివావు."

"జాకెట్టు చెడితే విప్పి మళ్లీ కుడతాను," అంది తాయారు. "దీని చదువు చెడితే ఏం విప్పను?"

లిఖితని అడిగారు. గుడ్డు ఒక్కసారి పట్టుకోమ్మా అని తల్లి అనలేక అంది కూడా. పిల్ల చాలాసేపు కాలి బొటనవేలితో గచ్చు గీకి, "ఇంట్లో అయితే రేష్మ రాదు కదా," అంది. ఆ తర్వాత, "సరే, ఇంట్లోనే," అంది.

అలా మొదలైంది ఇంటి చదువు. తాయారు తాను అనుకున్నంత చేతకానిదేమీ కాదు. టేపుతో భిన్నాలు చెప్పింది, గుడ్డ ముక్కలతో గుణకారం చెప్పింది. పిల్ల చకచకా నేర్చుకుంది. కానీ మధ్యాహ్నం బడిగంట వినబడేసరికి పుస్తకంలోంచి తలెత్తి వీధి వైపు చూసేది. అది చూసినప్పుడల్లా తాయారు కుట్టు తప్పేది.

పన్నెండో రోజున ముక్తేశ్వరరావుగారు టేపుతో దిగారు. వరండా పొడవూ వెడల్పూ కొలిపించారు.

"విద్యాబోధన జరుగు ప్రదేశము పాఠశాల యగును," అని ప్రకటించారు. "పాఠశాల యైనచో దానికి సంఖ్య ఉండవలెను, బోర్డు ఉండవలెను, ప్రధానోపాధ్యాయులు ఉండవలెను. తమరే ఇన్‌చార్జి. జీతము లేదు, బాధ్యత కలదు."

వారంలో బోర్డు వచ్చింది: వరండా ప్రాథమిక పాఠశాల, మునగలంక. విద్యార్థులు: ఒకరు. బాలురకు వేరే మరుగుదొడ్డి లేదేమని మొదటి తనిఖీలోనే అడిగారు.

"బాలురు లేరు కదండీ."

"మరుగుదొడ్డి లేకపోవుట వలననే బాలురు లేరేమో పరిశీలించవలెను."

తలిదండ్రుల సంఘం పెట్టమన్నారు. త్రిమూర్తులు ఏకగ్రీవంగా అధ్యక్షుడయ్యాడు. నెలకో సమావేశం, తీర్మానం, టీ. పిల్ల తల్లి గుడ్డు విషయంలో సహకరించడం లేదని తెలిసింది కనుక, హెడ్మాస్టరు ఆమెను పిలిపించి నచ్చజెప్పి నివేదిక పంపాలని మెమో వచ్చింది. తాయారు బీరువా అద్దం ముందు ఓ నిమిషం నిలబడి, వచ్చి కూచుని రాసింది: 'తల్లిని పిలిపించితిని. నచ్చజెప్పితిని. మొండిమనిషి. వినలేదు.'

పాఠశాల అన్నాక మధ్యాహ్న భోజనం తప్పదు. భోజనం అన్నాక గుడ్డు తప్పదు. ముప్ఫై గుడ్ల ట్రే విడదీసి ఇచ్చే అధికారం ఎవరికీ లేదు కనుక సోమవారం సోమవారం ట్రే మొత్తం వరండాలో దిగేది. లిఖిత వాటిని వీధిలో పిల్లలకి పంచేది. తాయారు ఫోన్లో భోజనదర్శిని కూడా దిగింది. ముఖం ఒకటి, గుడ్లు సున్నా. ఎరుపు. ముఖం ఒకటి, గుడ్లు సున్నా. ఎరుపు. ఎవరి కోసం బడి మాన్పించిందో ఆ పిల్ల చేతే గుడ్డు పట్టించాల్సిన ఉద్యోగం ఇప్పుడు తనది.

మూడో ఫోటో తీస్తూ తాయారు, ఇది కూడా ఎర్రబడితే రేపు ఆ పెద్దమనిషి ముందు నిలబడాలి కదా అనుకుంటోంది. సరిగ్గా వేలు నొక్కబోతుండగా బడిగంట మోగింది. లిఖిత చటుక్కున వీధి వైపు తిరిగింది. ఫోటోలో జడ పడింది, రిబ్బను పడింది, ముఖం పడలేదు.

యాప్ లెక్కపెట్టింది. ముఖాలు సున్నా, గుడ్లు సున్నా. ముఖమే లేని ఫోటోని హాజరుతో సరిచూడటం దానికెవరూ నేర్పలేదు. సరిపోయింది. పచ్చ. పైగా, "అభినందనలు! నూటికి నూరు శాతం!" అంది.

ఆ రోజు నుంచీ లిఖిత రోజూ అరనిమిషం వీధి వైపు తిరిగి నిలబడేది. అది అబద్ధమా అని ఒకసారి అడిగింది. తాయారు బాగా ఆలోచించి, "నువ్వు అటు తిరిగావన్నది నిజమే కదే," అంది.

రెండు నెలలయ్యాక ముక్తేశ్వరరావుగారు శాలువాతో వచ్చారు. జిల్లా మొత్తం మీద రెండు నెలలుగా ఒక్క ఎరుపూ లేని పాఠశాల అదొక్కటే.

"ఈ అద్భుతమును ఎట్లు సాధించితిరి?"

తాయారుకి దాచే ఓపిక లేదు. "పిల్లని అటు తిప్పి తీస్తున్నానండి. ముఖం లేకపోతే అది గుడ్డు అడగట్లేదు."

ఇంక బోర్డు పీకేస్తారు, పైనించి కేసు పెడతారు అనుకుని ఆవిడ గుండె దిటవు చేసుకుంది. ఆయన జేబులోంచి కలం తీసి, చిన్న పుస్తకంలో 'వరండా విధానము' అని రాసుకుని కింద రెండు గీతలు గీశారు. పదిరోజుల్లో ఉత్తర్వులొచ్చాయి. బాలబాలికల గోప్యతను కాపాడుటకై ఇకపై అన్ని పాఠశాలలలో భోజన సమయపు ఛాయాచిత్రములు వెనుకవైపు నుండి మాత్రమే తీయవలెను. మండలమంతా ఒక్కరోజులో పచ్చబడింది.

లిఖితకి ఇక అడ్డేమీ లేదు. తాయారు హెడ్మాస్టరు హోదాలో ఆఖరి పని చేసింది. కూతురికి టీసీ రాసింది. నడవడిక: మంచిది. పాఠశాల మారుటకు కారణము: స్నేహితురాలు. సంతకం పెడుతుంటే ఎందుకో కళ్లు చెమ్మగిల్లాయి. మర్నాడు ఉదయం లిఖిత సంచీ తగిలించుకుని, తల్లి చెయ్యి కూడా పట్టుకోకుండా బడికి పరుగెత్తింది.

ఇరవై రోజులు హాయిగా గడిచాయి. ఒక మధ్యాహ్నం తాయారు పిల్లకి ఉడికించిన సెనగలు డబ్బాలో పెట్టుకుని బడికి వెళ్లింది. పిల్లలు పళ్లాలు ముందు పెట్టుకుని వరసగా కూచున్నారు. పళ్లాల్లో అన్నం ఉంది, పల్చటి పప్పు ఉంది. ఎక్కడా గుడ్డు లేదు.

"గుడ్లేవి మేస్టారూ?" అని అడిగింది.

విశ్వనాథంగారు గొంతు తగ్గించారు. "మొదటివారం సగం వచ్చాయమ్మా. రెండోవారం రాలేదు. ఫోన్ చేస్తే, ఫోటోలో లోటేమీ లేదు కదా అంటున్నారు. పచ్చ పడుతున్న బడికి గుడ్లు రాలేదంటే ఎవరు నమ్ముతారు చెప్పండి? మొన్న జిల్లా మీటింగులో గుడ్ల సమస్య పూర్తిగా తీరిపోయిందన్నారు."

రేష్మ తల్లి రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే పనికి వెళ్తుంది. ఇంట్లో గుడ్డు ఆదివారం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. రేష్మ పప్పులో వేలు తిప్పుతూ కూచుంది. లిఖిత లేచి నిలబడింది.

"మేస్టారూ, రేష్మ గుడ్డేదండి?"

"నీకెందుకు తల్లీ? నువ్వు తినవు కదా."

"నేను తిననండి. అది తింటుంది."

ఫోటో వేళయింది కనుక మేస్టారు ఫోన్ తీశారు. "అటు తిరగండమ్మా," అన్నారు. నలభై తలలు గోడ వైపు తిరిగాయి. నలభై వీపుల మధ్య ఒక్క ముఖం ఇటే ఉండిపోయింది.

"లిఖితా, అటు."

లిఖిత తిరగలేదు. మేస్టారు తాయారు వైపు చూశారు, నువ్వయినా చెప్పమ్మా అన్నట్టు. తాయారు రెండున్నర నెలలు ఆ ఉద్యోగం చేసిన మనిషి. ఆ ఫోటో నొక్కే వేలు ఎంత బరువుగా ఉంటుందో ఆవిడకి తెలుసు. రెండేళ్ల సర్వీసు ఉన్నవాడి వేలు ఇంకా బరువుగా ఉంటుంది.

"తీయండి మేస్టారూ," అంది మెల్లిగా.

ఆ మాట విని రేష్మ వెనక్కి తిరిగి చూసింది. లిఖిత నిలబడి ఉండటం చూసి తనూ ఇటు తిరిగి కూచుంది. ఆ పక్కపిల్ల తిరిగింది. ఏం జరుగుతోందో తెలీకుండానే ఒకటో తరగతి పిల్లలు తిరిగారు. చివరికి వరస వరసంతా తిరిగి మేస్టారి వైపు చూసింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, నొక్కారు.

ముఖాలు నలభై ఒకటి. గుడ్లు సున్నా. ఇన్నాళ్ల పచ్చ తర్వాత ఫోన్ మండిపోతున్నట్టు ఎర్రబడింది. రెండు నిమిషాల్లో మోగింది కూడా. ముక్తేశ్వరరావుగారి గొంతు వరండా చివరికి వినబడింది.

"మేస్టారూ! మీ పాఠశాలయందు ఏదో ఘోరము జరిగినట్లున్నది! పిల్లలందరికీ ముఖములు కనబడుచున్నవి!"

"అవునండి," అన్నారు విశ్వనాథంగారు. "మొదట్నించీ ఉన్నాయండి."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినబడింది. "సోమవారమునకు గుడ్లు పంపెదము. అంతవరకు వారిని అటు తిప్పి ఉంచుడు."

మేస్టారు పిల్లల వైపు చూశారు. ఒక్కమాట కూడా వాళ్లతో అనలేదు. "చెప్పి చూశానండి," అన్నారు ఫోన్లో. "తిరగట్లేదు." పెట్టేశారు.

తాయారు డబ్బా మూత తీసింది. సెనగలు పంచితే ఒక్కొక్కరికీ ఏడేసి గింజలు వచ్చాయి.